ఓడినవాళ్లెవరూ లేరు!

2024 జూన్ 4 సాయంత్రం ఢిల్లీలో బీజేపీ కార్యాలయం ముందూ డప్పులు మోగాయి, కాంగ్రెస్ కార్యాలయం ముందూ మోగాయి. మొదటి పార్టీకి వచ్చినవి 240 సీట్లు. మెజారిటీకి 32 తక్కువ. అంతకు ముందు ఎన్నికల్లో సొంతంగా తెచ్చుకున్నదానికన్నా 63 తక్కువ. తనకు తాను పెట్టుకున్న 370 లక్ష్యానికి 130 తక్కువ. రెండో పార్టీకి వచ్చినవి 99. అంటే వరుసగా మూడోసారి ప్రతిపక్షంలో కూర్చోవడానికి సరిపడా. అయినా మొదటివారు నెహ్రూ తర్వాత వరుసగా మూడుసార్లు గెలిచిన ఘనత మాదేనన్నారు. రెండోవారు ఇది మోదీకి నైతిక ఓటమి అన్నారు. నైతిక ఓటమి ఎదుటివాడిదైతే నైతిక విజయం మనదేగా! 64 కోట్ల మందికి పైగా ఓట్లేసిన ఎన్నికలో ఆ సాయంత్రం ఓడినవాళ్ల కోసం వెతికితే ఒక టీవీ స్టూడియోలో ఒకే ఒక్కరు దొరికారు. ఎన్డీయేకు 361 నుంచి 401 వస్తాయని ఎగ్జిట్ పోల్ చెప్పిన యాక్సిస్ మై ఇండియా అధిపతి ప్రదీప్ గుప్తా. కెమెరా ముందే ఆయన కన్నీళ్లు ఆగలేదు. లెక్క తప్పినందుకు కంటతడి పెట్టిన ఆ ఒక్కరూ రాజకీయ నాయకుడు కాకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

నెల తిరక్కముందే, జులై 2న, లోక్‌సభలో ప్రధాని ఒక పిల్లాడి కథ చెప్పారు. 99 మార్కులొచ్చాయని ఊరంతా తిరిగి చూపిస్తున్నాడట. అవి నూటికి కాదురా, 543కి అని వాడికి ఎవరు చెబుతారు అన్నది కథ సారం. అధికార పక్షం బల్లలు చరిచింది. కథ బాగుంది, కాంగ్రెస్‌కు తగలాల్సిన చోటే తగిలింది. కాకపోతే ఆ బడిలో ఇంకో పిల్లాడూ ఉన్నాడు. పరీక్షకు ముందే 370 వస్తాయని ఇల్లిల్లూ తిరిగి చెప్పి, 240 తెచ్చుకుని, పక్కింటి పిల్లల మార్కులు కలుపుకుని తరగతి దాటినవాడు. వాడి కథ ఆ రోజు సభలో ఎవరూ చెప్పలేదు.

ఎన్నికల్లో ప్రజలు తీర్పు ఇస్తారని పత్రికల్లో ఏళ్ల తరబడి రాస్తున్నాం. తీర్పు అన్నాక దాన్ని చదివి, ఇందులో నా తప్పు ఇంత అని ఒప్పుకునేవాడు ఒకడుండాలి. మన నాయకులు ఫలితాన్ని తీర్పులా చదవరు, హాజరు పట్టీలా చూస్తారు. తమకెన్ని, ఎదుటివాళ్లకెన్ని, ఎవరి అవసరం ఎవరికెంత అన్నంత వరకే. ఆ అంకెను బట్టి అరలోంచి పాత ప్రసంగం ఒకటి తీస్తారు. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, మధ్యలో ఆగితే ఒకటి. చిత్రమేమిటంటే ఆ ప్రసంగాలు ఏ పార్టీకీ సొంతం కావు. ఐదేళ్ల క్రితం మీరు చదివింది ఇప్పుడు నేను చదువుతాను, నేను చదివింది మీరు చదవండి అన్న ఒప్పందం ఏదో వాళ్ల మధ్య ఉన్నట్టే ఉంటుంది. దీనికి తెలుగు రాష్ట్రాలంత మంచి ఉదాహరణ దేశంలో ఇంకోటి దొరకదు.

ముందు ఢిల్లీ సంగతి. జూన్ 7న పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్లో ఎన్డీయే ఎంపీలు మోదీని నాయకుడిగా ఎన్నుకున్నారు. పదేళ్లుగా పేరుకే ఉన్న ఎన్డీయే అన్న మాట ఆ రోజు ప్రధాని నోట పదే పదే వినిపించింది. అటు చంద్రబాబు, ఇటు నీతీశ్. పవన్ కల్యాణ్‌ను చూపించి, ఇతను పవనం కాదు, తుపాను అని ప్రధాని మెచ్చుకున్నారు. నీతీశ్ కుమార్ మోదీ పాదాలకు దణ్ణం పెట్టబోతే ఆయన వారించారు. అంతకు ఏడాది ముందు, 2023 జూన్ 23న, ఇదే నీతీశ్ పట్నాలో తన ఇంట్లో ప్రతిపక్షాలన్నిటినీ కూర్చోబెట్టి, మోదీని దించాలంటూ కూటమికి పురుడు పోశారు. 2013లో ఎన్డీయే నుంచి వెళ్లారు, 2017లో వచ్చారు, 2022లో వెళ్లారు, 2024 జనవరిలో వచ్చారు. ఇక ఎక్కడికీ వెళ్లనని ఆ తర్వాత ఆయన చాలా సభల్లో చెప్పారు. నాలుగుసార్లు చూసిన జనం నవ్వుకుని ఊరుకున్నారు.

చంద్రబాబు చరిత్ర కూడా తక్కువదేం కాదు. 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికొచ్చారు. ఆ జులైలో మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది తెలుగుదేశమే. 2019 ఎన్నికల్లో రాజమండ్రి వచ్చిన ప్రధాని, పోలవరం ప్రాజెక్టు చంద్రబాబుకు ఏటీఎంలా మారిందన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి ఆ ఏటీఎం ఏమైందో, అందులోంచి తీసిన డబ్బేమైందో, అసలు ఆ ఆరోపణ నిజమా కాదా, అన్నవారూ చెప్పలేదు, పడినవారూ అడగలేదు. పొత్తులు మారడం తప్పని నేననను. ప్రజాస్వామ్యంలో శాశ్వత శత్రుత్వం మంచిది కూడా కాదు. కానీ దేశ ప్రధాని ఒక రాష్ట్ర ముఖ్యమంత్రిని బహిరంగ సభలో దొంగ అన్నంత పని చేసినప్పుడు, తర్వాత కౌగిలించుకునే ముందు ఒక్క వాక్యం చెప్పాలి. అప్పుడు నేనన్నది తప్పు అనో, ఇప్పుడు ఆయన మారారు అనో. ఆ ఒక్క వాక్యానికి మాత్రం మన రాజకీయాల్లో ఎవరికీ నోరు పెగలదు.

ఇక్కడ ప్రత్యేక హోదా దగ్గర కాస్త ఆగాలి. ఎన్నికల తర్వాతి నీతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇంతకు మించిన నమూనా లేదు.

2014 ఫిబ్రవరి 20న మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల హోదా అన్నారు. ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్య నాయుడు ఐదు చాలదు, పదేళ్లు కావాలన్నారు. మే నెలలో వెంకయ్య నాయుడి పార్టీయే గద్దెనెక్కింది, పదీ లేదు, ఐదూ లేదు. 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్యాకేజీ అన్నారు అరుణ్ జైట్లీ. చంద్రబాబు సరేనన్నారు, హోదా సంజీవని కాదన్నారు. ఆ ప్యాకేజీనే పవన్ కల్యాణ్ కాకినాడ సభలో పాచిపోయిన లడ్డూలన్నారు. 2018లో చంద్రబాబుకు హోదా మళ్లీ సంజీవని అయింది, 2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో నల్లచొక్కాతో దీక్ష దాకా వెళ్లారు. హోదా కోసం వైఎస్సార్‌సీపీ ఎంపీలు ఐదుగురు రాజీనామాలు కూడా చేశారు. 25కి 25 ఎంపీ సీట్లూ ఇవ్వండి, కేంద్రం మెడలు వంచి హోదా తెస్తానని జగన్ ఊరూరా చెప్పారు. జనం 22 ఇచ్చారు.

2019 మే 26న జగన్ ఢిల్లీ వెళ్లి మోదీని కలిశారు. బయటికొచ్చి విలేకరులతో చెప్పిన మాట ఇప్పటికీ చాలామందికి గుర్తుంది. ఎన్డీయే 250 దాటకూడదని దేవుణ్ని కోరుకున్నామని, అలా అయితే మన అవసరం వారికి ఉండేదని, ఇప్పుడు మెజారిటీ నిండుగా వచ్చింది కాబట్టి సార్, ప్లీజ్ సార్ అని అడుగుతూ ఉండటమే మిగిలిందని ఆయన మాటల సారాంశం. నిజాయతీగా చెప్పారని అప్పట్లో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి ఐదేళ్లూ సార్ అనే మాట వినబడింది గానీ, ప్లీజ్ అన్న మాట హోదా గురించేనా, ఇంకేమైనా సొంత విషయాల గురించా అన్నది జనానికి అర్థం కాలేదు.

దేవుడు ఆ మొర ఐదేళ్లు ఆలస్యంగా విన్నాడు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది. ఆంధ్రప్రదేశ్ ఎంపీల అవసరం ఢిల్లీకి పడింది. కాకపోతే వరం కోరుకున్న భక్తుడి చేతిలో అప్పటికి నాలుగే సీట్లు మిగిలాయి. వరం 16 సీట్లున్న చంద్రబాబు ఒళ్లో పడింది. మరి హోదా కోసం దీక్ష చేసిన చంద్రబాబు ఏమడిగారు? హోదా అన్న మాట ఎన్డీయే సమావేశంలో లేదు, తర్వాత జరిగిన ఢిల్లీ ప్రయాణాల ప్రకటనల్లోనూ లేదు. జులై 22న బిహార్ హోదా మీద ప్రశ్నకు జవాబిస్తూ, 2012 నాటి మంత్రిత్వ శాఖల ఉమ్మడి బృందం నివేదిక ప్రకారం అది కుదరదని కేంద్రం పార్లమెంటుకు చెప్పేసింది. మర్నాడు బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు అన్నారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటి సంస్థల ద్వారా ఇప్పించే డబ్బది. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ఇవి చిన్నవి కావు, కాదనడం అన్యాయం. ఆ ఉక్కును అమ్మేస్తామని 2021లో నిర్ణయించిన ప్రభుత్వం అదే. బేరం ఆడితే ఫలితం ఉంటుందని దీన్ని బట్టే తెలుస్తోంది. అలాంటప్పుడు హోదా మీద బేరం ఎందుకు ఆడలేదో, అది అడగదగ్గదే కాదని తేల్చుకుంటే 2018లో జనాన్ని ఎందుకు రోడ్డెక్కించారో చెప్పాలి. ఓడిన జగన్ కూడా దీని మీద పెద్దగా నిలదీయలేదు. నిలదీస్తే ఆ వేలు ఎటు తిరుగుతుందో ఆయనకు తెలుసు.

అసెంబ్లీలో ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఈ రెండు పార్టీలకూ ఢిల్లీలో ఓటేసే వేళకు మాత్రం దారి ఒకటే అవుతుంది. 2017లో కోవింద్‌కు ఇద్దరూ ఓటేశారు. 2022లో ద్రౌపదీ ముర్ముకు ఇద్దరూ ఓటేశారు. 2024 జూన్ 26న లోక్‌సభ స్పీకర్ పదవికి పోటీ వచ్చినప్పుడు, ఎన్డీయే చేతుల్లో ఓడి ముప్పై రోజులు కూడా కాని వైఎస్సార్‌సీపీ, ఎన్డీయే అభ్యర్థి ఓం బిర్లాకే మద్దతు పలికింది. 2025 సెప్టెంబరు ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఈ సంబడం ఇంకా బాగా కనబడింది. ప్రతిపక్షాల అభ్యర్థి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి, తెలుగువాడైన బి.సుదర్శన్ రెడ్డి. తెలుగుదేశమూ వైఎస్సార్‌సీపీ ఇద్దరూ తమిళనాడుకు చెందిన సి.పి.రాధాకృష్ణన్‌కు ఓటేశారు. బీఆర్‌ఎస్ ఎవరికీ వేయలేదు, తెలంగాణలో యూరియా కొరతకు నిరసన అంది. 1991లో పీవీ నరసింహారావు నంద్యాలలో పోటీ చేసినప్పుడు, తెలుగువాడు ప్రధాని అయినప్పుడు అడ్డు నిలబడబోమని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు. ఆయన పెట్టిన పార్టీ, ఆత్మగౌరవం పేరుతో పుట్టిన పార్టీ, 34 ఏళ్ల తర్వాత ఆత్మగౌరవాన్ని ఇలా లెక్కగట్టింది. కూటమి ధర్మం అంటారు, సరే. వైఎస్సార్‌సీపీకి ఏ ధర్మం అడ్డొచ్చింది? వక్ఫ్ బిల్లు లాంటి చోట వ్యతిరేకించిన మాట నిజమే గానీ, పదవుల ఎన్నికలన్నిటా ఆ పార్టీ దారి ఎటో అడగకుండానే తెలిసిపోతోంది.

ఓటింగ్ యంత్రాల కథ కూడా ఇలాంటిదే. 2009లో ఓడిన బీజేపీ నుంచి, మన జీవీఎల్ నరసింహారావు ఈ యంత్రాలను నమ్మొచ్చా అంటూ 2010లో ఏకంగా పుస్తకం రాశారు, అద్వానీ ముందుమాట రాశారు. 2014 తర్వాత అదే జీవీఎల్ అదే యంత్రాలకు అధికార పార్టీ ప్రతినిధిగా పూచీ పడ్డారు. 2019లో పోలింగ్ ముగియగానే చంద్రబాబు ఢిల్లీ వెళ్లి యంత్రాల మీద ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. సగం వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టాలని 21 పార్టీలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. 151 సీట్లు గెలిచిన జగన్‌కు అప్పుడు ఆ యంత్రాల్లో ఏ లోపమూ కనబడలేదు. 2024లో 175కి 11 వచ్చేసరికి, అక్కచెల్లెమ్మల ఓట్లు ఏమయ్యాయో దేవుడికే తెలియాలన్నారు, ఆధారాలు లేవని కూడా తానే చెప్పారు, ఆ నెలలోనే కాగితం బ్యాలెట్‌కు వెళ్లాలన్నారు. 135 గెలిచిన చంద్రబాబు యంత్రాలు భేష్ అన్నట్టు ఊరుకున్నారు. కాంగ్రెస్ 99 వచ్చాక యంత్రాల ఊసు పెద్దగా ఎత్తలేదు, అక్టోబరులో హరియాణా పోగానే వాటి బ్యాటరీలు 99 శాతం ఛార్జింగ్‌తో ఎలా ఉన్నాయని అడిగింది. ఆ 99 ఆ పార్టీని అలా వెంటాడుతూనే ఉంది.

ఒంగోలు ముచ్చట మాత్రం విడిగా చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు ప్రకారం, రెండు మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు డబ్బు కట్టి ఐదు శాతం యంత్రాల చిప్‌లను తనిఖీ చేయించుకోవచ్చు. ఒక్కో యంత్రానికి జీఎస్టీతో కలిపి 47,200 రూపాయలు. దేశం మొత్తం మీద ముందుకొచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో ఒంగోలు అసెంబ్లీకి వైఎస్సార్‌సీపీ తరఫున పోటీ చేసి 34 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి ఒకరు. 12 పోలింగ్ కేంద్రాల యంత్రాలు చూపించమని డబ్బు కట్టారు. ఆగస్టులో అధికారులు మాక్ పోలింగ్ పెడితే, ఇది మేమడిగింది కాదంటూ ఆయన వర్గం ఒప్పుకోలేదు, హైకోర్టు దాకా వ్యవహారం వెళ్లింది. అంతవరకు బాగానే ఉంది. ఓటమిని అనుమానించే హక్కు ఎవరికైనా ఉంటుంది, డబ్బు కట్టి మరీ అడిగిన మనిషిని మెచ్చుకోవాలి కూడా. సెప్టెంబరులో ఆయన వైఎస్సార్‌సీపీకి రాజీనామా చేసి, ఆ నెలలోనే పవన్ కల్యాణ్ పార్టీ జనసేనలో చేరారు. ఏ యంత్రాలు తనను ఓడించాయని అనుమానపడ్డారో అవే యంత్రాలతో గెలిచిన కూటమిలోకి! ఇక ఆ చిప్‌లో ఏముందో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికి?

పార్టీ మారడమంటే గుర్తొచ్చింది. 2019 మే 23న ఫలితాలొస్తే, జూన్ 20 కల్లా తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. చంద్రబాబు దాన్ని ఖండించారు. 2024 ఆగస్టులో వైఎస్సార్‌సీపీ రాజ్యసభ సభ్యులు మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు రాజీనామా చేసి, అక్టోబరులో తెలుగుదేశంలో చేరారు. బీద మస్తాన్‌రావు వదిలేసిన కుర్చీలోకే డిసెంబరులో తెలుగుదేశం తరఫున తిరిగొచ్చారు. రాజీనామా చేసి వచ్చారు కాబట్టి చట్టప్రకారం తప్పు లేదు. 2019 నలుగురి కన్నా ఇది మెరుగే. ఆర్.కృష్ణయ్య దారి ఇంకా విశాలమైనది. 2014లో తెలుగుదేశం ఎమ్మెల్యే, తెలంగాణలో ఆ పార్టీ ముఖ్యమంత్రి అభ్యర్థి. 2018లో మిర్యాలగూడలో కాంగ్రెస్ అభ్యర్థి. 2022లో ఆంధ్ర నుంచి వైఎస్సార్‌సీపీ రాజ్యసభ సభ్యుడు. 2024 డిసెంబరులో అదే ఆంధ్ర నుంచి బీజేపీ రాజ్యసభ సభ్యుడు. బీసీల కోసం ఆయన చేసిన పోరాటాన్ని కాదనను. పదేళ్లలో నాలుగు పార్టీలకూ ఆయన అవసరం పడిందంటే, ఆ నాలుగు పార్టీల సిద్ధాంతాల్లో తేడా ఎంతో మీరే ఊహించుకోండి.

తెలంగాణలో లోక్‌సభ ఫలితం చెరి ఎనిమిది. కాంగ్రెస్‌కు మూడు నుంచి ఎనిమిది, బీజేపీకి నాలుగు నుంచి ఎనిమిది, ఇద్దరూ గెలిచినట్టే. సొంత జిల్లా మహబూబ్‌నగర్, తాను ఎంపీగా ఉన్న మల్కాజిగిరి రెండూ బీజేపీ పట్టుకుపోయినా ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ ఊసు వదిలేసి, బీఆర్‌ఎస్ అవయవదానం చేసి బీజేపీని బతికించిందన్నారు. సున్నా వచ్చిన బీఆర్‌ఎస్‌కు ఇంట్లోనే ఇబ్బంది ముదిరింది, ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. దానం నాగేందర్ అయితే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ గుర్తు మీద సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. బీఆర్‌ఎస్ ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగ పదో షెడ్యూలు పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ పార్టీ చేతిలో ఆ షెడ్యూలు చూసి నవ్వొస్తే తప్పు నాది కాదు. 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిని విలీనం చేసుకుని, ప్రతిపక్ష హోదానే మాయం చేసింది ఎవరు? తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్‌ను 2014 డిసెంబరులో మంత్రిని చేసి, ఆయన రాజీనామా పత్రాన్ని స్పీకర్ బల్ల మీద ఏళ్ల తరబడి నిద్రపుచ్చింది ఎవరు? ఫిరాయింపుల మీద మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చిందంటే, ఈ నిద్రమందు అందరికీ పని చేస్తుందనే.

ప్రభుత్వం పెట్టే ఖర్చును సభ తరఫున తనిఖీ చేసే ప్రజాపద్దుల సంఘానికి ప్రతిపక్ష సభ్యుణ్ని అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ. తెలంగాణలో 2024 సెప్టెంబరులో ఆ పదవి అరెకపూడి గాంధీకి దక్కింది. ఆయన జులైలో కాంగ్రెస్‌లో చేరారు. పదవి రాగానే, నేను బీఆర్‌ఎస్‌లోనే ఉన్నానన్నారు. అలాగైతే ఇంటికొచ్చి గులాబీ జెండా ఎగరేస్తానంటూ అదే పార్టీ ఎమ్మెల్యే కౌశిక్‌రెడ్డి బయల్దేరితే రెండు రోజులు హైదరాబాద్‌లో రాళ్లూ కోడిగుడ్లూ లేచాయి. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరులో ఆ పదవికి వైఎస్సార్‌సీపీ తరఫున పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు. సంఖ్య చాలదని తేలాక ఆ పార్టీ ఓటింగ్ బహిష్కరించింది. అధ్యక్ష పదవి జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులుకు వెళ్లింది. రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలు రాసేవాళ్ల మనుషులే లెక్కలు చూసేవాళ్లు. 2019లో తెలుగుదేశానికి 23 మందే ఉన్నా ఆ పదవి పయ్యావుల కేశవ్‌కు ఇచ్చారన్న మాట ఇక్కడ జగన్ ఖాతాలో జమ చేయాలి.

ఆయన ఖాతాలో ఖర్చు కూడా ఉంది. 2019 జూన్‌లో సభలో మాట్లాడుతూ, చంద్రబాబు దగ్గరున్న 23 మందిలో ఐదుగురిని లాగేస్తే ప్రతిపక్ష హోదా పోతుందని కొందరు తనకు చెప్పారనీ, తాను అలా చేయననీ అన్నారు. సభ్యుల్లో పదో వంతు ఉంటేనే ఆ హోదా అన్న లెక్క ఆ మాటల్లోనే ఉంది. 2024లో 11 మందితో మిగిలాక, పదో వంతు అని చట్టంలో ఎక్కడుందంటూ స్పీకర్ అయ్యన్నపాత్రుడికి లేఖ రాశారు, హైకోర్టుకూ వెళ్లారు. లేఖలోని వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 2014లో 44 మందితో కాంగ్రెస్ కూడా లోక్‌సభలో ఇదే వాదన చేసింది, బీజేపీ వినలేదు. కానీ తన లెక్క తనకే ఎదురు తిరిగినప్పుడు, అప్పుడు నేనన్నది తప్పు అనే ఆ ఒక్క వాక్యం ఇక్కడా రాలేదు.

కూల్చివేతల సంగతి క్లుప్తంగా. 2019 జూన్‌లో జగన్ ఉండవల్లి ప్రజావేదికలో కలెక్టర్ల సమావేశం పెట్టి, ఇది అక్రమ కట్టడం, ఇందులో ఇదే చివరి సమావేశం అన్నారు, మర్నాడే కూల్చడం మొదలుపెట్టారు. 2024 జూన్ 22 తెల్లవారుజామున తాడేపల్లిలో కడుతున్న వైఎస్సార్‌సీపీ కార్యాలయం కూలింది. ఇదీ అక్రమ కట్టడమే అన్నారు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకొచ్చింది. అక్కడ చదివిన పిల్లల ధ్రువపత్రాల్లో ఏ పేరుందో చూసి ఏ ప్రభుత్వంలో పాసయ్యారో చెప్పేయొచ్చు.

ఇన్ని మాటలు అటూ ఇటూ మారుతుంటే, ఒకే ఒక్క అలవాటు మాత్రం ఎవరొచ్చినా మారలేదు. ఓడిన నాయకుడు సభకు రాడు. 2017 చివర్లో ఫిరాయింపులకు నిరసనగా జగన్ పార్టీ శాసనసభను బహిష్కరించి, ఎన్నికల దాకా రాలేదు. 2021 నవంబరు 19న చంద్రబాబు, ముఖ్యమంత్రిగానే మళ్లీ ఈ సభలో అడుగుపెడతానని శపథం చేసి వెళ్లారు, అలాగే వచ్చారు. 2024 జూన్ 21న జగన్ ప్రమాణం చేసి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గవర్నర్ ప్రసంగానికి వచ్చి కొద్ది నిమిషాల్లో బయటికి నడిచారు. తెలంగాణలో ప్రతిపక్ష నేత హోదా ఉన్న కేసీఆర్, బడ్జెట్ రోజో గవర్నర్ ప్రసంగం రోజో తప్ప సభలో కనబడటం అరుదు. అవమానం జరిగిందంటారు, మైకు ఇవ్వరంటారు, అవి అబద్ధాలని కూడా అనలేం. అయినా ఓటేసినవాడు పంపింది సభకే కదా, పార్టీ కార్యాలయంలో విలేకరుల సమావేశానికి కాదు.

అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణం నాలుగో క్లాజు చెబుతోంది. జగన్ విషయంలో ఉపసభాపతి రఘురామకృష్ణరాజు దీన్ని గుర్తు చేశారు కూడా. కాకపోతే సభ ప్రొరోగ్ అయిన కాలాన్ని, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులను ఆ 60లో కలపకూడదని అదే క్లాజులో ఉంది. మన శాసనసభలు ఏడాదిలో కూర్చునే రోజులను బట్టి చూస్తే, ఏడాది పొడవునా గడప తొక్కకపోయినా ఆ 60 నిండదు.